వణుకయ్య దండు రంగు చొక్కాలు

నల్లపెట్ట గంపలో గుడ్లు పొదుగుతోంది. బయటినుంచి చూస్తే ఒక్క కోడే. లోపల, దాని నెత్తుట్లో, పెద్ద ఊరుంది. ఎర్రకణాలు అక్కడి ఇళ్ళు, తెల్లకణాలు కాపలావాళ్ళు. ఒక దోమ కుట్టి, మలేరియా పురుగుల దండును ఆ ఊళ్ళో దింపి ఎగిరిపోయింది.

దండులో అందరివీ పసుపు చొక్కాలే. ఏ నలుగురివో నీలం.

"పసుపు చొక్కా కనబడితే వదలకండిరా!" అని కాపలా పెద్ద తెల్లయ్య కేకేశాడు. పసుపువాళ్ళంతా దొరికారు. తెల్లయ్య మీసం మెలేశాడు. కణానికి మీసమేమిటని అడక్కండి, ఉందంతే.

ఆ నలుగురు నీలంవాళ్ళు ఇళ్ళలో దూరి, తిని, ఊరినిండా పిల్లల్ని పెట్టారు. తెల్లయ్య నీలం వేట మొదలెట్టాడు. ఈసారి ఆ పిల్లల్లో ఎక్కడో పుట్టిన ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు తప్పించుకుని పెరిగారు.

దండు నాయకుడు వణుకయ్య విరగబడి నవ్వాడు. "మా తెలివి చూశావా తెల్లయ్యా?"

పెట్ట ఒళ్ళు కాలిపోతోంది. "ఒరేయ్ తెల్లయ్యా! నేను పడిపోతే గుడ్లు చల్లారిపోతాయిరా. ఏం చేస్తున్నావు?"

"రంగు చూసి పట్టుకుంటూనే ఉన్నానమ్మా. వాళ్ళే మారిపోతున్నారు."

"మారడమేంటి, నీ మొహం! ఒక రంగును నువ్వు ఏరేస్తుంటే ఇంకో రంగుకు చోటు దొరుకుతోంది. వాళ్ళ తెలివి కాదు, నీ తెలివితక్కువ! నా గంప దగ్గరికి పిల్లి వస్తే తెల్లదా నల్లదా అని చూస్తానా? పంజా చాచిందా, పొడుస్తా. వీళ్ళంతా ఇళ్ళలోకి ఎలా దూరుతున్నారు?"

తెల్లయ్య తల గోక్కున్నాడు. "అందరి చేతికీ ఒకేలాంటి కొక్కెం ఉందమ్మా. దాంతోనే గడియ తీస్తారు."

"మరి ఆ కొక్కెం చూసి పట్టుకోరా!"

ఇంకేముంది, నీలం, ఆకుపచ్చ, కొత్తగా పుట్టిన చారల చొక్కాలు, అన్నీ గుమ్మం దగ్గరే దొరికిపోయాయి.

వణుకయ్య హడలిపోయి, "వేరే రకం కొక్కెం ఉన్నవాళ్ళు ముందుకు రండి!" అని అరిచాడు. వంకర కొక్కెంతో పుట్టినవాడొకడు వచ్చాడు. కాపలావాళ్ళు వాణ్ణి పట్టించుకోలేదు. వాడు దర్జాగా గుమ్మమెక్కి గడియ లాగాడు, తోశాడు, చివరికి బతిమాలాడు. తలుపు తెరుచుకోలేదు. ఆకలికి అక్కడే కూలబడ్డాడు.

"ఇప్పుడేం మారుస్తావు వణుకయ్యా?" అంటూ తెల్లయ్య వణుకయ్య కొక్కెం పట్టుకున్నాడు. అందరినీ వణికించేవాడు మొదటిసారి తానే గజగజ వణికాడు.

జ్వరం దిగింది. గుడ్డు చిట్లి, కోడిపిల్ల తడి ముక్కు బయటికొచ్చింది. పెట్ట ఆనందం పట్టలేక పెరడంతా అదిరేలా అరిచింది.

నీతి: దొంగ వేషం వెంటపడితే కొత్త దొంగలు పెరుగుతారు, దొంగ మార్చుకోలేనిదేదో చూసి పట్టుకోవాలి.