పాతర మీద ఎర్రచుక్క

ఆ రాజ్యంలో ధాన్యమంతా పాతరల్లో ఉండేది. పాతర అంటే నేలలో తవ్విన లోతైన గొయ్యి. మూసి ఉంచితే లోపల గాలి చెడిపోయి, దిగిన మనిషి ప్రాణం తీస్తుంది. దించిన దీపం ఆరితే గాలి చెడినట్టే.

అందుకే ముసలి లేఖకుడు పని పద్ధతిని తాటాకుల మీద రాసిపెట్టాడు. మూత తియ్యండి. దీపం దించండి. మనిషిని దించండి. బుట్ట దించండి. ప్రతి పని కిందా, తేడా వస్తే ఏం చెయ్యాలో నాలుగేసి వరుసలు. చదివేవాడికి ఆవులింతలు వచ్చేవి.

కుర్ర మంత్రికి ఒళ్ళు మండింది. "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టుంది! ఆ వరుసలన్నిటి బదులు ఒక ఎర్రచుక్క పెడదాం. దాని అర్థం మొదటి ఆకు మీద ఒక్కసారి రాస్తే సరి."

"పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా, మంత్రిగారూ?" అన్నాడు లేఖకుడు. "ఎక్కడ ఏం చెయ్యాలో అక్కడే కనబడాలి."

రాజుకు చుక్కే నచ్చింది. మంత్రి దీపం దించే పని కింది వరుసలు చూసి చుక్కకు అర్థం రాశాడు: దీపం పైకి లాగి, మూత వేసి, వెళ్ళిపోండి. కొత్త ఆకులు చూడముచ్చటగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒక ఉదయం మనిషి పాతరలో దిగాడు. పైవాళ్ళు బుట్ట దించబోతుంటే లోపల దీపం ఆరిపోయింది. ఆకు చూశారు. ఎర్రచుక్క ఉంది. దీపం లాగి, మూత వేసి, వెళ్ళిపోయారు.

నిజంగానే వెళ్ళిపోయారు! చెబుతుంటే నాకే గుండె ఆగినంత పనవుతోంది. పక్కన గింజలు చెరుగుతున్న అతని భార్య కేకలు పెట్టి, నలుగుర్ని పోగేసి మూత తీయించింది. మనిషి కొనఊపిరితో బయటపడ్డాడు.

రాజు ఆ భార్యనూ, పైన తాడు పట్టినవాళ్ళనూ సభకు పిలిపించి సంగతి విన్నాడు.

"నేను మొత్తుకోలేదా?" అన్నాడు లేఖకుడు. "నా పాత ఆకులు తెప్పించండి ప్రభూ."

రాజు స్వయంగా చదివాడు. మనిషిని దించే చోట ఆగి, మళ్ళీ చదివాడు. దీపం పైకి లాగి, మూత వేసి, వెళ్ళిపోండి. పైన దీపం పని కింద రాసిందే అక్షరం మారకుండా ఇక్కడా ఉంది. మనిషిని లాగమన్న మాటే లేదు.

లేఖకుడు ఆకు లాక్కుని చూశాడు. రాత తనదే.

"మరి ఇన్నేళ్ళూ మా ఆయన ఎట్టా పైకొచ్చాడు?" అంది భార్య.

తాడు పట్టేవాడు తల వంచుకున్నాడు. "అంత పొడుగు రాత ఎవరు చదివారమ్మా? లోపల మనిషున్నాడు కదా అని లాగేవాళ్ళం. చుక్క పెట్టాకే చదవడం మొదలెట్టాం."