రాతిపువ్వు పోయిన చోటు

తాను గీకింది ఏమిటో, ఆ నోటుపుస్తకం చదివేదాకా ఓబులేసుకు తెలియలేదు.

అతను యూనివర్సిటీలో మొక్కల విభాగానికి పరిశోధన కోసం వచ్చి ఏడు నెలలైంది. గురువు దీవెనమ్మ మేడం. ఆమె పరిశోధన రాతిపువ్వు మీద. మనం మసాలాలో వేసుకుంటామే, అలాంటిదే. కొండరాళ్లను పట్టుకుని బూడిదరంగులో పొలుసులు పొలుసులుగా ఉంటుంది. దానికి ఎవరూ నీళ్లు పొయ్యరు, ఎరువు వెయ్యరు. ఏడాదంతా కలిపి వడ్లగింజ మందం పెరుగుతుందంతే.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది మేడం స్కేలు ఇవ్వదు. రాళ్ల దగ్గరికి పోయి చూసి రమ్మంటుంది. ఓబులేసుకు చూసి చూసి విసుగొచ్చింది. తోటివాళ్లు మిషన్ల ముందు కూర్చుని ఏవేవో కనుక్కుంటున్నారు. తనూ ఏదో ఒకటి చేసి చూపించాలనుకున్నాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వెనక గుట్ట ఎక్కాడు. అన్నిటికన్నా పెద్ద రాతిపువ్వును ఎంచుకుని, చాకుతో అడుగంటా గీకేశాడు. కెమిస్ట్రీ లాబుకు తీసుకుపోయి పొడి నూరి, అక్కడి సారు చేతికిచ్చాడు.

తర్వాత వారానికి మేడం అంది: "రేపు కొలిచే రోజు. బీరువాలో పాత నోటుపుస్తకం ఉంటుంది, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టు నాయనా."

మొదటి పేజీలో ఇలా ఉంది. 'నీళ్ల ట్యాంకు మెట్ల నుంచి తూర్పుకు ముప్పై రెండు అడుగులు. ఏటవాలు రాయి. నడుమెత్తున. రంగు పూస్తే పువ్వుకు చెరుపు, అందుకని రాతి మీద గుర్తు పెట్టలేదు.'

ఆ రాయి ఓబులేసుకు తెలుసు. చాకు పెట్టింది దాని మీదే.

పేజీ తిప్పాడు. ఏటా జనవరి ఎనిమిదో తేదీ, పక్కన ఒక కొలత. మొదటి ఇరవై ఆరు వరసలు ఒకే చేతిరాత. అది మేడం గురువు గోవిందాచారి గారిది. ఆ కింద ముప్పై అయిదు వరసలు మేడంవి. ఒక కొలత పక్కన 'జ్వరం. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు' అని ఉంది. ఇంకో కొలత పక్కన 'అమ్మ పోయి మూడో రోజు' అని ఉంది. అరవై ఒక్క ఏళ్లు, అరవై ఒక్క కొలతలు. అరచేయంత ఉన్నది అన్నం తినే కంచమంత అయింది. అది తన చాకు కిందికి వచ్చింది.

అతను పరుగున కెమిస్ట్రీ ఖాజా హుస్సేన్ సారు దగ్గరికి పోయాడు. ఆ సారుకు రంగులంటే ప్రాణం. చెట్ల బెరడు, దుంప, పురుగు, దేన్నుంచైనా రంగు తీస్తాడు.

"రావయ్యా రా! పరీక్ష తప్పినోడి మాదిరి ఆ మొగమేంది? ఇటు చూడు." గాజుసీసా ఎత్తి కిటికీ వెలుగుకు పట్టాడు. "నీ బూడిదపొడే. నానబెట్టి వారం పెట్టినా. చూడు!"

సీసాలో నేరేడుపండు రంగు. అంత బీదగా కనిపించిన పొలుసులో ఇంత రంగు దాక్కుని ఉందా అని ఓబులేసు ఒక్క క్షణం తన బాధే మరిచిపోయాడు.

"సార్, దీన్ని మళ్లీ పువ్వు చెయ్యలేమా? అతికించడమో, ఏదో ఒకటి..."

సారు నవ్వబోయి, అతని కళ్లు చూసి ఆగిపోయాడు. "పువ్వులోంచి రంగు తియ్యడం ముప్పై ఏళ్లుగా నేర్చుకుంటున్నా బాబూ. రంగులోంచి పువ్వు తియ్యడం నాకు రాదు. నాకే కాదు, ఎవరికీ రాదు."

అక్కడి నుంచి లెక్కల విభాగానికి పోయాడు. శఠగోపం సారు ఎప్పుడూ గీతలు గీస్తూ ఉంటాడు. ఏది ఎట్లా పెరుగుతుందో, పెరిగేది ఎక్కడ ఆగుతుందో ఆ గీతల్లో చూస్తాడు. ఓబులేసు వెంట తెచ్చిన నోటుపుస్తకం తెరిచి అరవై ఒక్క కొలతలూ చదివాడు. సారు కాగితం మీద చుక్కలు పెట్టి, గీత కలిపి, పెన్నుతో దాని చివర తట్టాడు.

"ఈసారి రెండు ముప్పావు మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది. మహా అయితే వెంట్రుకంత తేడా."

ఓబులేసుకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే అదే రాసేస్తే సరిపోతుందా సార్?"

సారు పెన్ను కింద పెట్టాడు. "నేను చెప్పింది అంచనా. మీ మేడం రాసేది కొలత. నా అంచనా ఒప్పో తప్పో ఆ కొలతను అడిగే తెలుసుకుంటా. నువ్వు నా అంచనానే అక్కడ రాసేస్తే ఇంక నేనెవరిని అడగాలయ్యా?"

ఓబులేసు తల దించుకుని బయటికి వచ్చాడు. వరండాలో చరిత్ర విభాగం అలివేలు మేడం కూర్చుని ఉంది. ఆమె ముందు శాసనం అచ్చు తీసిన పెద్ద కాగితం ఉంది. మధ్యలో జానెడు మేర ఏమీ లేదు, నున్నగా ఉంది.

"ఇక్కడేముండె మేడం?"

"నాలుగక్షరాలు. పన్నెండేళ్లుగా వెతుకుతున్నా. చెరువు తవ్వించిన మనిషి పేరు అదే. ఎవడో మహానుభావుడు ఈ రాతి మీద కొడవలి నూరుకున్నాడు."

"వాడి మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? నా కంటపడితే వాడి కొడవలి లాక్కుందును." ఆమె నవ్వి, మళ్లీ ఆ నున్నటి చోటును వేలితో తడిమింది. "నూరుకుంటే నూరుకున్నాడు. ఊళ్లో ఒక్కరికైనా చెప్పి ఉంటే బాగుండేది. ఎప్పుడు పోయిందో అయినా నాకు తెలిసేది."

ఆ మాట ఓబులేసుకు ఎక్కడో తగిలింది.

మర్నాడు పొద్దున్నే గుట్ట కింద నిలబడ్డాడు. మేడం స్కేలు, నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. ఆమె గుట్ట ఎక్కకముందే, ఊపిరి తీసుకోకుండా, జరిగిందంతా చెప్పేశాడు. చాకు సంగతి, పొడి, రంగు, ఆఖరికి దొంగకొలత రాద్దామనుకున్నది కూడా.

ఆమె విని గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. ఓబులేసు వెనకాలే నడిచాడు.

ఏటవాలు రాయి మీద గుండ్రంగా బోడిచోటు. చుట్టూ రాయి నల్లగా ఉంటే అదొక్కటే ఎండకు తెల్లగా మెరుస్తోంది. మేడం దాని మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు. కిందెక్కడో కాలేజీ గంట కొట్టారు, ఆగింది. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలకు మరకేమీ లేదు.

"నన్ను పంపించేయండి మేడం," అన్నాడు ఓబులేసు.

ఆమె నోటుపుస్తకం తెరిచి, పెన్నుతో సహా అతని చేతిలో పెట్టింది. "తేదీ వెయ్యి."

వేశాడు. అరవై రెండో వరస. ఆమె రాత కింద అతని రాత వంకరగా పడింది.

"కొలత ఎంత వెయ్యమంటారు?"

"ఎంత కనిపిస్తోంది?"

"ఏమీ లేదు మేడం."

"అయితే అదే."

ఓబులేసు సున్న చుట్టాడు. ఆ సున్న కోడిగుడ్డులా వచ్చింది. పక్కన ఇంకేమైనా రాయాలా అని ఆమె వంక చూశాడు. "ఎవరు గీకారో అదీ వెయ్యి," అంది. తన పేరు రాశాడు.

ఆమె ఆ వరసను చదువుకుంది. మొదటి పేజీ తిప్పి గోవిందాచారి గారి మొదటి కొలత చూసింది. మళ్లీ సున్న చూసింది. అప్పుడు రాతికి ఇంకా దగ్గరగా జరిగి, ఆ తెల్లటి చోటును ముక్కు ఆనేంత దగ్గరగా చూడసాగింది.

"మా గురువుగారు వచ్చేసరికే అరచేయంత ఉంది," అంది మెల్లగా. "అది ఎట్లా మొదలైందో ఆయన చూడలేదు. నేనూ చూడలేదు. ఈ గుట్ట మీద ఉత్త రాతికి మొదటి పొలుసు ఎన్నాళ్లకు పడుతుందో ఏ పుస్తకంలోనూ లేదు."

"ఎన్నాళ్లకు పడుతుంది మేడం?"

"నాకు తెలీదు."

ముప్పై అయిదేళ్లు రాతిపువ్వును చూసిన మనిషి ఆ మాట చెప్తుంటే ఓబులేసు ఆమె మొహంలోకి చూశాడు. తెలియదని చెప్పడానికి ఆమె గొంతు తగ్గలేదు. ఎవరో రాబోతున్నారని చెప్పినట్టు చెప్పింది.

"మనం ఉండగా వస్తుందా?"

ఆమె స్కేలు అతని చేతికిచ్చింది.

"చోటు చేసింది నువ్వు. నువ్వే ఉండి చూడాలి."

ఓబులేసు రాతి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.