సింగమ్మ చేనుకు వచ్చిన మూడు యంత్రాలు

జొన్నకంకి చేలో ఊగుతుండగా ఎన్నడూ చూడని పిల్లలూ, ఈ కథ మీ చెవిన ఎవరూ వేసి ఉండరు. దగ్గరికి జరిగి వినండి.

అనగనగా అడవి అంచున ఒక ఊరు. ఆ ఊళ్లో సింగమ్మ అనే రైతు. నిరుడు ఆమె జొన్నచేను సగానికి పైగా అడవిపందుల పాలైంది. ఈ ఏడూ అదే జరిగితే ఇంటిల్లిపాదికీ గంజి కూడా దొరకదు. అందుకని, పందుల్ని తరిమే యంత్రం ఎవరు తెచ్చి చూపించినా, అది పనిచేస్తే తన పాడి ఆవునిచ్చి కొంటానని సంతలో చాటింపు వేయించింది.

ముందు పట్నం నుంచి గవరయ్య వచ్చాడు. యంత్రాన్ని అరుగు మీద పెట్టి, పొద్దున మొదలుపెట్టి వర్ణించాడు. అది నెమలిలా కూస్తుందన్నాడు. శంఖంలా మోగుతుందన్నాడు. పెళ్లిళ్లలో సన్నాయికి బదులు పెట్టుకోవచ్చన్నాడు. సింగమ్మ నోరు తెరిచినప్పుడల్లా, చివర్లో అడుగుదువుగాని తల్లీ, ముందు విను, అన్నాడు. చివర వచ్చేసరికి పొద్దు వాలింది.

"పందుల మాట ఎప్పుడొస్తుందయ్యా?" అంది సింగమ్మ.

"అదెంతమ్మా, చాలా చిన్న సంగతి."

"నీకు చిన్నదే. ఆకలి మాది. నీ సన్నాయి మూట కట్టుకుని లే."

తర్వాత పోలిశెట్టి వచ్చాడు. యంత్రంతోపాటు నున్నగా దువ్విన పందిని కూడా వెంట తెచ్చాడు. ఊరి వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి యంత్రానికున్న గంట మోగించాడు. పంది పరుగో పరుగు. మళ్లీ పట్టుకొచ్చి మోగించాడు. మళ్లీ పరుగు. జనం చప్పట్లు కొట్టారు. సింగమ్మ మాత్రం లేచి, పంది పోయిన దారినే వెళ్లి చూసింది. గోడ చాటున గంపెడు తవుడు ఉంది. ఆమె ఆ గంప తెచ్చి పోలిశెట్టి కాళ్ల దగ్గర పెట్టి, తనే గంట మోగించింది. పంది తిన్నగా అతని కాళ్ల దగ్గరికే వచ్చింది.

"పని చేయకపోతే పోనీ అనుకునేదాన్ని," అంది సింగమ్మ కోపంగా. "మా కడుపులు కాలుతుంటే గారడీ చూపిస్తావా?"

మూడోవాడు సోమన్న వచ్చేసరికి ఆమె కోపం ముక్కు మీదే ఉంది. అతను యంత్రం సంగతి ఎత్తలేదు. పందులు ఏ వైపు నుంచి వస్తాయి, ఏ వేళకు వస్తాయి, మంచె మీద ఎవరుంటారు అని అడిగాడు. ఆమె తిడుతూనే అన్నీ చెప్పింది. అతను తిన్నగా చేలోకి వెళ్లి, గట్టు పొడవునా తాడు లాగితే చప్పుడు చేసే వెదురు బద్దలు కట్టి, కప్పీ మీదుగా తాడు కొస తెచ్చి మంచె మీదున్న ఆమె చేతికిచ్చాడు.

పొద్దుగూకింది. మంచు కురుస్తోంది. పందులొచ్చాయి. సింగమ్మ తాడు లాగింది. చప్పుడు లేదు. మళ్లీ లాగింది. లేదు. మొదటి సాలు నేలమట్టమైంది. ఆమె మట్టిబెడ్డలు విసిరి, అరిచి, వాటిని గట్టు దాటించి, సోమన్న మీద విరుచుకుపడింది.

"నువ్వూ వాళ్ల తమ్ముడివే."

సోమన్న వెళ్లి తాడు తడిమి చూసి వచ్చాడు.

"తప్పు నాదేనమ్మా. మంచుకు తాడు ఉబ్బి కప్పీలో ఇరుక్కుంది. మా ఇంటి దగ్గర ఎండలో బాగానే జారింది. అక్కడే చూపించి ఉంటే మీ ఆవును తోలుకుపోయేవాణ్ణి. ఈ లోపం మీ పంటంతా పోయాక బయటపడేది."

సన్నతాడు మార్చి, ఆముదం పట్టించి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు. పందులు తిరిగొచ్చాయి. సింగమ్మ పళ్లు బిగించి లాగింది. గట్టంతా ఒక్కసారిగా ఫటఫటలాడింది. మంద తోక ముడిచి అడవిలో పడింది.

ఆ ఏడు పంట ఇంటికొచ్చింది. సింగమ్మ ఆవు పలుపు సోమన్న చేతిలో పెట్టింది, పోయిన ఆ ఒక్క సాలు గురించి తిడుతూనే.

పిల్లలూ, రేపు మీరు కంప్యూటర్లో నడిచే సరుకే తయారుచేసినా, కొనేవాళ్ల కష్టం ముందు వినండి, వాళ్ల చేలోనే చూపించండి, తాడు వాళ్ల చేతికివ్వండి, అది ఇరుక్కుంటే దాచకండి; ఈ మాట మరిచిపోకుండా మీ తర్వాతివాళ్లకూ చెప్పండి.