విప్పని మూట

ఓబులేశుకు ఆ రోజు కాళ్లు నేల మీద ఆనడం లేదు. తను రాసిన లైబ్రరీ పనిచేసింది మరి.

లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. ఒక రకం ఫైళ్లను విప్పి చదవడానికి, చదివాక మళ్లీ కట్టి రాయడానికి పనికొచ్చే కోడు. ఓబులేశు విప్పిన ఫైలు తోలుబొమ్మలాట ఆడించే రుక్మిణమ్మది. ఆమె తండ్రి గోవిందప్ప బతికున్న రోజుల్లో పాడిన లంకాదహనం అందులో ఉంది. దాన్ని రికార్డు చేసిన పాత పెట్టె ఇంకా ఆమె దగ్గరే ఉంది. పెట్టెను తయారుచేసిన కంపెనీ మాత్రం ఎప్పుడో మూతపడింది. ఆ ఫైలును ఎలా కట్టారో చెప్పే నాథుడు లేడు.

పాట నిండా జనరేటర్ మోత. ఆ మోత తీసేసి, ఆ పెట్టెకు అర్థమయ్యేట్టే ఫైలును తిరిగి కట్టివ్వాలి.

"రేపు సాయంత్రం ఆట నాయనా. మా నాయన పోయినాక తెర కట్టేది ఇదే మొదలు. ఆయన గొంతు లేకుంటే నేను బొమ్మ పట్టను," అని చెప్పి వెళ్లింది రుక్మిణమ్మ.

ఓబులేశు గురువు ఖుద్దూస్ సాహెబు. కర్నూల్లో బిస్కెట్ల బట్టీ మీదున్న గదిలో కోడు రాయడం నేర్పుతాడు. శిష్యులంతా ఉస్తాద్ అంటారు. ఆయన ఎవర్నీ తిట్టడు, ఎవర్నీ మెచ్చుకోడు. తిట్టనందుకు ఓబులేశుకు ఇబ్బందేం లేదు. ఆ రెండోదే బాధ. ఈసారి మాత్రం ఉస్తాద్ మెచ్చుకోక తప్పదనుకున్నాడు.

"అయిపాయ ఉస్తాద్! ఫైలంతా ముక్కలు ముక్కలుగా ఉంది. ప్రతి ముక్కకు ముందు పేరు, దాని పొడవు, తర్వాత సరుకు. గొంతు ఒక ముక్క, హార్మోనియం ఒక ముక్క, మద్దెల ఒక ముక్క. అన్నీ పట్టుకున్నా. మోత పోయింది. ఫైలు గూడా చిన్నదైంది!"

"చిన్నదెందుకైంది?"

"ఇంగో రెండు ముక్కలుండె. ఆ పేర్లు నేను యాడా వినలేదు. లోపలుండేది పాట గాదు, ఏం గాదు. చెత్త. తీసేసినా."

ఉస్తాద్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నీ సంచి ఇట్లియ్యి."

సంచిలో ఉన్నదంతా చాప మీద కుమ్మరించాడు. చార్జరు చూసి లోపల పెట్టాడు. నీళ్ల సీసా, దువ్వెన, తువ్వాలు పెట్టాడు. చివరికి ఒక పసుపు గుడ్డ మూట మిగిలింది, నిమ్మకాయంత. అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని చెత్తబుట్టలో వేశాడు.

"ఉస్తాద్!" ఓబులేశు ఒక్క ఉదుటున బుట్ట దగ్గరికి వెళ్లాడు. "అది మా అమ్మ పెట్టింది!"

"ఏముందప్పా దాంట్లో?"

"నాకూ తెల్దు. విప్పొద్దన్నది. యాడికి పోయినా సంచిలోనే ఉంటాది."

"తెలీకుండానే మోస్తాండావా?"

ఉస్తాద్ టీ గ్లాసు అందుకున్నాడు, ఏమీ జరగనట్టు.

ఓబులేశు మూటను బుట్టలోంచి తీసి, దులిపి, సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, రాసిందంతా పైనుంచి మళ్లీ చదివాడు. ఆ రెండు ముక్కల్లో ఏముందో తెలియదు. కానీ వాటి ముందు పొడవు రాసే ఉంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఎత్తుకోవాలో తెలిస్తే, విప్పకుండానే మోయొచ్చు.

కోడు మార్చాడు. తెలియని ముక్క వస్తే ముట్టుకోకుండా దాని చోట్లో దాన్ని ఉంచాలి. ముందుగా ఏదీ మార్చకుండా ఫైలును విప్పి, తిరిగి కట్టి, పాతదానితో పోల్చి చూశాడు. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇందాకటి సంతోషం దీని ముందు ఏపాటిది! అప్పుడు మోత ఉన్న ముక్కల్లో మోత మాత్రం తీసి, ఉస్తాద్‌కు చూపించాడు.

"ఊఁ," అన్నాడు ఆయన.

మర్నాడు సాయంత్రం కోడుమూరు సంత మైదానంలో తెల్లటి తెర కట్టారు. జనం చాపలు, గోనెసంచులు పరుచుకుని కూర్చున్నారు. గురుశిష్యులిద్దరూ తెర వెనక ఒక పక్కన నిలబడ్డారు. పాత పెట్టె నుంచి ఒక వైరు పెద్ద స్పీకర్లకు వెళ్లింది. ఇంకొకటి ఆటగాళ్లు నిలబడే చెక్కల కిందున్న చిన్న స్పీకరుకు వెళ్లింది.

"ఈ రెండో వైరు ఎందుకమ్మా?" అడిగాడు ఓబులేశు.

"అది మా నాయన కాలు," అంది రుక్మిణమ్మ, హనుమంతుడి బొమ్మ అందుకుంటూ.

ఓబులేశుకు ఏమీ అర్థం కాలేదు.

పెట్టె మీట నొక్కారు. గోవిందప్ప గొంతు లేచింది. మోత లేదు, మసక లేదు. మైదానమంతా మాట్లాడటం మానేసింది. పద్యం ముగుస్తుండగా చెక్కల కింద నుంచి దెబ్బ పడింది. ధన్! మళ్లీ ధన్! పాడుతూ పాడుతూ గోవిందప్ప కాలితో చెక్కను తొక్కేవాడు. ఆ దెబ్బ మీదే బొమ్మలు అడుగు వేసేవి. ఆ పెట్టె దాన్ని పాటలో కలపకుండా విడిగా దాచింది.

నిన్న చెత్త అని తీసేసిన ముక్కల్లో ఒకటి ఇదేనని ఓబులేశుకు అప్పుడు తెలిసింది.

ఆ దెబ్బకు హనుమంతుడు తెర మీదికి ఎగిరాడు. రుక్మిణమ్మ కాలు తండ్రి కాలికి బదులు చెప్పింది. ధన్, ధన్! లంక అంటుకుంది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, గొంతెత్తి వంత పాడుతోంది. బయట ఈలలు, కేకలు. ముసలివాళ్లు కూడా లేచి నిలబడి "గోవిందప్పో!" అని అరిచారు.

ఆట మధ్యలో కాస్త వ్యవధి దొరకగానే రుక్మిణమ్మ పరుగున వచ్చి ఓబులేశు రెండు చేతులూ పట్టుకుంది.

"గొంతు మాత్రం తెస్తావనుకుంటి. మా నాయన్ను నడిపించుకోని వచ్చినావు కదయ్యా!"

ఆమె మళ్లీ తెర దగ్గరికి వెళ్లిపోయింది. ఓబులేశు కళ్లు తుడుచుకున్నాడు. ఉస్తాద్ తెర వైపే చూస్తూ అడిగాడు.

"ఇంకో ముక్క ఉండె కదా. అదేందో తెలిసిందా?"

"లేదు ఉస్తాద్."

"ఇప్పుడు యాడుంది?"

"దాని చోట్లోనే ఉంది."

ఉస్తాద్ అతని వైపు తిరిగి భుజం మీద చెయ్యి వేశాడు.

"శభాష్," అన్నాడు.