ప్రభువునందు నిద్రించిన పాప

తీతు పాస్టరుకు ప్రార్థన రావడం మానేసింది. మోకాళ్ళ మీద ఉంటే మాటలు బాగానే వస్తున్నాయి. అవతల వినేవాడే లేనట్టుంది. కాపరే ఈ మాటంటే గొర్రెలేమైపోతాయి? అందుకని ఎవరికీ చెప్పుకోలేదు.

చివరికి తనకు దైవసేవ నేర్పిన జెకర్యా అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"నలభై దినాలు ఉపవాసం ఉంటానండీ. ఆత్మలో ఎండిపోయాను. తలమీద చెయ్యిపెట్టి పంపండి."

"లేయా ఎట్లా ఉంది?" అయ్యగారు తీతు భార్య సంగతి అడిగాడు.

"ప్రభువు కృపలో బాగుందండీ."

ఈ జవాబు మనవాళ్ళ నోటికి అంతగా అలవాటైపోయింది. ఇల్లు అంటుకున్నా కృపలో బాగున్నామనే అంటాం.

"అన్నం తింటోందా?"

తీతు తల దించుకున్నాడు. "లేదండీ. నాతో మాట్లాడదు. రేపు మా బావమరిది వచ్చి పుట్టింటికి తీసుకుపోతానన్నాడు. వెళ్తే మళ్ళీ రాదేమోనని భయంగా ఉంది."

వాళ్ళ ఒక్కగానొక్క పాప కెజియా జ్వరంతో పోయింది. సమాధి దగ్గర లేయా మట్టిలో పడి ఏడుస్తుంటే, తీతు ఆమెను రెక్క పట్టుకుని లేపాడు. "నిరీక్షణ లేనివాళ్ళలాగా ఆ ఏడుపేంటి? పాప ప్రభువునందు నిద్రించింది" అన్నాడు అందరూ వినేట్టు. జనం "స్తోత్రం" అన్నారు. పోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చే ఆదరణ కూడికను స్తుతి కూడికగా మార్చి, వాక్యం కూడా తనే చెప్పాడు. కన్ను తడి కాలేదు. ఎంత విశ్వాసమో చూడండని ఊరంతా చెప్పుకుంటే, ఆ మాట అతని చెవికి తియ్యగానే తగిలింది.

అయ్యగారు చేతులు దులుపుకుని లేచాడు. "పద."

సమాధుల తోటలో చిన్న మట్టిదిబ్బ ఇంకా కుంగలేదు. అయ్యగారు దాని పక్కన నిలబడ్డాడు.

"లేపు."

"ఏంటండీ?"

"నిద్రపోయిందన్నావుగా. పొద్దెక్కింది. పేరు పెట్టి పిలిచి లేపు. వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుపోదాం."

తీతు మొహం ఎర్రబడింది. "పెద్దవారు, మీరే ఎగతాళి చేస్తే ఎట్లాగండీ?"

"పిలువు తీతూ."

తీతు నోరు తెరిచాడు. ఉమ్మి మింగి, "కెజ్జమ్మా" అన్నాడు. ఇంట్లో పిలిచే పేరది. పాప పోయాక ఆ పేరు అతని నోట రాలేదు. మళ్ళీ పిలిచాడు. దిబ్బ మీదికి వంగి చేతులతో మట్టి తడిమాడు.

"లేవదండీ. చచ్చిపోయింది. నా పాప చచ్చిపోయింది." మట్టి గుప్పిట పట్టుకుని అరిచాడు. "ఎంత బతిమాలుకున్నాను! ఒక్కసారి విన్నాడా? ఆయన మొహం చూడాలని లేదు నాకు."

అన్న మాటకు తనే హడలిపోయి అయ్యగారి వంక చూశాడు. అయ్యగారు మందలించలేదు. చెయ్యి అందించి, "ఇంటికి పద" అన్నాడు.

లేయా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తీతు ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"లేయా, పాప చచ్చిపోయింది."

ఆమె ఇటు తిరిగింది. అతని చొక్కా పట్టుకుని గుంజింది, గుండెల మీద గుద్దింది. అతను కదల్లేదు. తర్వాత ఇద్దరి ఏడుపూ వీధిలోకి వినిపించింది.

పక్కింటి సంఘపెద్ద బైబిలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పాస్టరుగారే ఇట్లా ఏడిస్తే జనంలో మన సాక్ష్యం ఏం కావాలి? నేను లోపలికెళ్ళి రెండు మాటలు చెప్పి ఊరుకోబెడతాను."

గుమ్మం పక్క అరుగు మీద కూర్చున్న జెకర్యా అయ్యగారు తన చేతికర్రను గుమ్మానికి అడ్డంగా పెట్టాడు.

"ఆగవయ్యా. లోపల ప్రార్థన జరుగుతోంది."