నక్క పంతులు చల్లగుహ

కొండల నడుమ ఇప్పచెట్ల తోపు ఒకటుంది. తెల్లవారుతుంటే అక్కడ పొగమంచు పాలనురగలా పారుతుంది. అందులో నడిచే జంతువులకు కాళ్లు కనిపించవు, తలలు మాత్రం తేలుతూ పోతుంటాయి. ఆ మంచులోనే నక్క పంతులు బడి.

ఎలుగమ్మ కొడుకు తుమ్మెద ఆ బడిలో చదివేవాడు. వాడికి మాటలు రావు. సంతోషమొస్తే తుమ్మెదలా ఝుమ్మంటాడు, అందుకే ఆ పేరు. గోల ఎక్కువైతే మాత్రం చెవులు మూసుకుని గుండ్రంగా తిరుగుతూ కేకలు పెడతాడు.

ఇప్పపూలు రాలే రోజుల్లో వాడి ఝుంకారం ఆగిపోయింది. ముంజేతుల మీద బొచ్చు ఊడి, తీగ ఒరుసుకున్న చారలు కనిపించాయి. బడి పేరెత్తితే చాలు, తల్లి పొట్టలో తల దూర్చేవాడు. ఎలుగమ్మ తిన్నగా బడికి వెళ్లింది.

"పంతులుగారూ, మావాడి చేతులకేమైంది?"

"ఆటల్లో గీరుకున్నాయమ్మా," అన్నాడు నక్క, తేనె పూసిన గొంతుతో. "మీవాడు బంగారం. కాకపోతే ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. అలసిపోతే మా చల్లగుహలో సేదదీరుతుంటాడు. తనే అడిగి మరీ వెళతాడు!"

"మాటలు రానివాడు ఎలా అడిగాడు?"

"కళ్లతో అడుగుతాడమ్మా, కళ్లతో!"

తిరిగొస్తుంటే వాగు దగ్గర తాబేలు తాత ఎదురయ్యాడు. బడికి నీళ్లు మోసేది ఆయనే. చుట్టూ చూసి, డిప్పలోంచి మెడ సాచాడు.

"చెబితే నా కూడు పోతుంది. చెప్పకపోతే నిద్ర పట్టట్లేదు. పిల్లాడి చేతులు తీగతో కట్టి, ఆ గుహలోకి తోసి, బండ అడ్డం పెడతాడు తల్లీ. అరుపు ఆగేదాకా తీయడు."

"అడవి కట్టుబాటు లేదా తాతా? ప్రాణం మీదికొస్తేనే బిడ్డను కదలకుండా పట్టుకోవాలి, గండం దాటగానే వదలాలి, పొద్దు గుంకేలోగా తల్లికి చెప్పాలి కదా!"

"ఉందమ్మా, కానీ మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి."

అప్పుడే వెళ్లి నక్కను చీల్చేయాలనిపించింది ఎలుగమ్మకు. కానీ అది సేదదీరే చోటని పంతులు ఒట్టేస్తే, కాదనడానికి బిడ్డకు నోరేదీ? 'వాడి బదులు ఆ గుహే మాట్లాడాలి' అనుకుంది. ఆ రోజు నుంచి తుమ్మెదను బడికి పంపలేదు.

నాలుగు రోజులకు అడవి పెద్ద ఏనుగవ్వ బడి చూడ్డానికి వచ్చింది. ఎలుగమ్మ కొడుకును వెంటబెట్టుకుని వెళ్లింది.

"అవ్వా, పంతులుగారి చల్లగుహ చూశావా? స్వర్గమట!"

"ఈ ఎండలో చూడాలనే ఉంది. నేను అందులో పట్టను. నువ్వు పడుకుని చూపించు పంతులూ."

కాదంటే గుట్టు బయటపడుతుంది. నక్క నవ్వుతూ లోపలికి దూరాడు. "రోజూ ఎలాగో అలాగే," అంటూ ఎలుగమ్మ బండ దొర్లించింది.

వెంటనే బండ మీద గోళ్ల చప్పుడు.

"తియ్యండి! చీకటి! ఊపిరాడట్లేదు!"

నీళ్ల కుండ దించి తాబేలు తాత అన్నాడు. "అరుపు ఆగితే తీస్తాం. తమరు పెట్టిన పద్ధతే."

"లోపల పడేసి అరవొద్దంటే ఎలా? పొగరుతో కాదురా, భయంతో అరుస్తున్నాను!"

ఏనుగవ్వ చూపు తుమ్మెద చేతుల మీది చారలపై పడింది, ఊగుతున్న చెవులు నిలిచిపోయాయి. "ఆ పిల్లాడు చెప్పలేకపోయిన మాట అదే," అంది. "తియ్యండిక."

ఎలుగమ్మ చేతులు మాత్రం కదల్లేదు. చారలు పడ్డ ఆ చిన్న చేతులే ఆమె కళ్ల ముందున్నాయి. అంతలో ఆ చేతులే బండ మీద ఆనాయి. తుమ్మెద కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లంతా వణుకుతూ, భుజంతో నెడుతున్నాడు. తల్లి కళ్లు చెమ్మగిల్లాయి. ఆమె కూడా చెయ్యి వేసింది. బండ తొలగింది.

నక్క పాకుతూ బయటికొచ్చి కూలబడ్డాడు. తుమ్మెద వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు, తాకకుండా, ఊరికే. నక్క రొప్పు మెల్లగా తగ్గింది. గాలికి ఇప్పపూలు ఇద్దరి మీదా రాలుతున్నాయి.

ఏనుగవ్వ తొండంతో గుహ కప్పు పెళ్లగించింది. ఆ మర్నాడే బడి తాబేలు తాత చేతికొచ్చింది. ఎవరి ముఖమూ చూడలేక నక్క కొండ దాటిపోయాడు.

బెదిరిన బిడ్డకు కావలసింది బండ కాదు, పక్కన ఒక తోడు.