గవరయ్య మేస్టారి పాఠాలు

ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో మనుషులు పగలు మాత్రమే ఉంటారు. అసలు కాపురస్తులు వేరే. బాయిలరు పక్క గోడ మీద పైడితల్లి అనే ముసలి బల్లి. బస్తాల వరసల కింద గవరయ్య అనే చిట్టెలుక, అతగాడి బంధుబలగం. ఊక కుప్ప అంచున నూకాలు అనే జెర్రిపోతు పిల్ల. ఎలుకల్ని తింటుంది కాబట్టి జెర్రిపోతుని ఆ మిల్లులో ఎవరూ కొట్టరు. ఊడ్చే ఎర్రయ్యమ్మ అయితే నూకాలుని తను పెంచుకుంటున్న పిల్లలాగే చూసేది.

చిక్కల్లా ఒకటే. నూకాలుకి వేట రాదు. గుడ్డు చీల్చుకుని బయటికొచ్చేసరికి నేర్పడానికి తల్లి లేదు. పాముల ఇళ్లలో అదే పద్ధతి, ఏం చేస్తాం. ఎలుక కనపడితే దూకేది, మూతి పోయి బస్తాకి కొట్టుకునేది. మళ్లీ దూకితే నోట్లోకి ఊక వచ్చేది. ఒకసారి తన తోకనే కరుచుకుని కెవ్వుమంది. ఎలుకలన్నీ పొట్టలు పట్టుకుని నవ్వాయి. ఆకలితో ఉన్న పిల్ల గురి తప్పితే నవ్వేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

పిల్ల తాడులా ఎండిపోవడం ఎర్రయ్యమ్మ కంట పడింది. "ఓలమ్మ, ఇలా సిక్కిపోనాదేటి నా తల్లి!" అని మర్నాడు ఇంటినించి గిన్నెడు పాలు తెచ్చి ఊక కుప్ప పక్కన పెట్టింది. పాము పాలు తాగదని ఆవిడకి ఎవరు చెప్తారు? ఏటా నాగులచవితికి పుట్టలో పోసిన పాలు ఇంకిపోవడం ఆవిడ కళ్లారా చూస్తూనే ఉంది కదా.

నూకాలు గిన్నెని వాసన చూసి మొహం తిప్పుకుంది. పాలు మాత్రం మిగల్లేదు. గవరయ్య వచ్చి అడుగుదాకా నాకేశాడు. ఎర్రయ్యమ్మ ఖాళీ గిన్నె చూసి కళ్లు తుడుచుకుంది. "మొత్తం తాగీసినాది! రేపు ఇంకాస్త ఎక్కువ తెస్తాను తల్లీ" అంది.

గవరయ్య మీసాలు తుడుచుకుంటూ లెక్క వేసుకున్నాడు. ఈ పిల్ల వేట నేర్చిందంటే ముందు పోయేది తన ప్రాణం. పిల్ల చచ్చిందంటే పోయేది పాలగిన్నె. అంటే పిల్ల బతకాలి, కానీ నేర్చుకోకూడదు. దానికి బడి పెట్టడం కంటే మంచి ఉపాయం ఏముంది?

ఆ సాయంత్రమే వచ్చి బస్తా మీద కూర్చుని దగ్గాడు.

"అమ్మాయీ, నీ అవస్థ చూడలేకపోతున్నాను. వేట నేను నేర్పుతాను."

నూకాలు నోరు తెరిచింది. "మీరా? మీరు ఎలక కదండీ?"

"అందుకే కదమ్మా! ఎలుక ఎటు పోతుందో ఎలుకకి కాక ఎవరికి తెలుస్తుంది?"

పిల్లకి ఆ మాట సబబుగానే తోచింది. అప్పటిదాకా దానితో మంచిగా మాట్లాడిన ఎలుక లేదు మరి. "అయితే మిమ్మల్ని మేస్టారూ అనొచ్చా?" అంది.

"అను. మొదటి పాఠం, మేస్టారిని కరవకూడదు, మహాపాపం. రెండోది, దూకేముందు బుస్సుమని గట్టిగా బుస కొట్టాలి. చెప్పకుండా మీద పడటం మర్యాద కాదు. మూడోది, అసలు కిటుకు. ఎప్పుడూ తోక మీదే కొట్టాలి. కదిలేది అదే కాబట్టి గురి అక్కడే కుదురుతుంది."

పిల్ల శ్రద్ధగా నేర్చుకుంది. బుస కొట్టేది, ఎలుకలు పక్కకి తప్పుకునేవి. తోక మీదికి దూకేది, తోక జారిపోయేది. "బాగుంది, ఈసారి వెంట్రుకవాసిలో తప్పింది" అనేవాడు మేస్టారు. మరీ నీరసించిపోతే వడ్లు నానబెట్టే తొట్టి దగ్గర పడున్న చచ్చిన కప్పపిల్లని చూపించేవాడు. నూకాలుకి కళ్లనీళ్లొచ్చేవి. మేస్టారే లేకపోతే తనేమైపోయేదో అనుకునేది. మేస్టారు మాత్రం రోజూ పాలు తాగి పనసతొనలా నున్నగా తయారయ్యాడు. ఇదివరకు రివ్వున దూరే కన్నంలో ఇప్పుడు ఊపిరి బిగపట్టి దూరుతున్నాడు.

ఇలా ఉండగా నూకాలు చర్మం పాలిపోయింది. కళ్లకి నీలపు పొర కమ్మింది. ఆరోజు దూకిన దూకుడికి ఇనప స్తంభం తగిలి మూతి చిట్లింది.

"మేస్టారూ, నాకు కనపడ్డం నేదండీ!"

"సాధన చాలక అలా ఉంది. ఇంకా గట్టిగా దూకు" అన్నాడు మేస్టారు, గిన్నె వైపు చూస్తూ.

అతను పోయాక పిల్ల చుట్టలు చుట్టుకుని ఏడ్చింది. గోడ మీంచి పైడితల్లికి ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

"ఏటే గుంటా, ఎందుకేడస్తన్నావు?"

"గుడ్డిదాన్నయిపోనాను అత్తా. ఇంక నాకు తిండి నేదు."

"గుడ్డీ నేదు, గాడిదగుడ్డూ నేదు. ఒళ్లు మారతన్నాది నీకు. నేనెన్నిసార్లు మార్చుకున్నానో నాకే గురుతు నేదు. కుబుసం ఊడితే పొర కూడా దాంతోటే పోద్ది. అందాకా దూకకు. ఎవులు దూకమన్నా దూకకు. తొట్టి పక్కన తడి ఉంది, బాయిలరు వేడి తగుల్తాది, అక్కడికెల్లి పడుకో."

"మరి మేస్టారు సాధన సెయ్యమన్నారే?"

"ఏటి నేర్పినాడు నీ మేస్టారు?"

నూకాలు పాఠాలన్నీ అప్పజెప్పింది. బుస దగ్గర బల్లి నాలిక కరుచుకుంది. తోక దగ్గరికొచ్చేసరికి గోడ మీంచి జారబోయి నిలదొక్కుకుంది.

"ఓసి పిచ్చిమొకమా! తోక ఎక్కడుంటాది? ఎలక ఎల్లిపోయిన సోట ఉంటాది. తల ఎటుంటే ఒళ్లు అటే పోద్ది. తల సూసుకోవాల. దగ్గరికొచ్చేదాకా సప్పుడు సెయ్యకుండా ఉండాల. అయినా నువ్వు తప్పినావని సిగ్గుపడకు. సిన్నప్పుడు నేను పురుగనుకుని దీపాన్ని కరిసీసినాను. మూడు పూటలు నాలిక పొంగిపోనాది. అందరం అలాగే నేర్సుకుంటాం తల్లీ."

పిల్ల ఏడుపు ఆపింది. ఎవరో తనతో 'అందరం' అన్నారు. ఆ మాట దానికి తిండి కంటే ముందు కావలసింది అని నాకనిపిస్తుంది.

"అయితే మేస్టారు నాకలా ఎందుకు సెప్పినారు అత్తా?"

"ఆ పాలగిన్నె ఎవులు ఖాళీ సేస్తన్నారో ఎప్పుడన్నా సూసినావా?"

నూకాలు గిన్నె ఉండే వైపు తల తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "మేస్టారిని కరిస్తే పాపమా?"

"మేస్టారయితే పాపమే. ఇతగాడు మేస్టారా? అది నువ్వే తేల్చుకో. ఇంకో మాట. నేను బల్లిని, నువ్వు పామువి. నేను గోడ దిగను, నువ్వు పైకి రాకు. మన సావాసం ఇంత దూరంలోనే బాగుంటాది."

నూకాలు తొట్టి పక్కన తడిలో పడుకుంది. ఎలుకలు ముందునించి పరిగెత్తినా దూకలేదు. కొన్నాళ్లకి కళ్ల మీది నీలం తేటపడింది. అప్పుడు ఊక కుప్ప దగ్గరికి పాక్కుంటూ వచ్చి, మూతిని గరుకు గోనెకి రాసుకుంది. మూతి దగ్గర విడిన కుబుసం చివరిదాకా ఒలుచుకుపోయింది. పిల్ల కళ్లు మిలమిలలాడాయి. బస్తా కుట్టిన పురికొస కూడా కనపడుతోంది.

"అత్తా! అన్నీ కనపడతన్నాయి!"

"అరవకే! ఆ కుబుసం అక్కడే వదిలీసి బస్తా ఎనక్కి ఎల్లు. పాలు తెచ్చే ఏల అవతన్నాది."

ఎర్రయ్యమ్మ గిన్నె పెట్టి వెళ్లింది. గవరయ్య ఆపసోపాలు పడుతూ కన్నంలోంచి బయటికొచ్చాడు. మసక వెలుతురులో ఊక అంచున పాము పడుకుని ఉంది, కళ్లు తెల్లగా. ఇంకా గుడ్డిదే అనుకుని తృప్తిపడ్డాడు.

"అమ్మాయీ, కొన్నాళ్లుగా బడికి రావడం లేదు! సాధన మానేస్తే ఎలా?"

కుబుసం ఏం మాట్లాడుతుంది?

"మూతి నొప్పా? సరే, ఈ పూటకి నోటితో అప్పజెప్పు చాలు. ఎక్కడ కొట్టాలి?"

మేస్టారు విసుక్కుంటూ దానికి వీపు తిప్పి, పాలగిన్నెలో తల పెట్టాడు. బస్తా వెనకనించి నూకాలు చప్పుడు లేకుండా వచ్చింది. ముందు తోక కనిపించింది, అలవాటుకొద్దీ అటే చూపు పోయింది. గోడ మీద పైడితల్లి ఊపిరి బిగపట్టింది. పిల్ల చూపు తోక మీంచి వీపు మీదికి, వీపు మీంచి తల దగ్గరికి పాకింది.

ఈసారి తప్పలేదు.

"తోక... తోక మీద కదమ్మా కొట్టమన్నాను!" అని గవరయ్య కీచుమన్నాడు. కొత్తల్లో అయితే కన్నంలోకి తుర్రుమనేవాడే. తాగిన పాలన్నీ ఇప్పుడు కాళ్లకి అడ్డం పడ్డాయి. "బుస! బుస కొట్టలేదు! ఇదేనా నేను నేర్పిన మర్యాద?"

నోటినిండా మేస్టారు ఉండగా నూకాలు ఏం జవాబు చెప్తుంది?

మర్నాడు పొద్దున ఎర్రయ్యమ్మ వచ్చి చూస్తే గిన్నెలో పాలు తొరక కట్టి ఉన్నాయి. ఊక మీద నూకాలు నడుం దగ్గర లావుగా ఉబ్బి, తళతళలాడుతూ నిద్రపోతోంది. ఎర్రయ్యమ్మ గుండె బాదుకుంది.

"ఓలమ్మో! పాలు ముట్టనేదు! నా తల్లి తిండి మానీసినాది, ఏటయిపోనాదో ఏటో!"

గోడ మీద పైడితల్లి కిచకిచమని నవ్వింది. ఎర్రయ్యమ్మ అది మంచి శకునం అనుకుని దండం పెట్టుకుని చీపురు అందుకుంది.

నీతి: నీ ఆకలి వల్ల కడుపు నిండేవాడి దగ్గర తిండి పాఠం నేర్చుకోకు.